థిన్నర్ డబ్బాలో పదకొండు మంది

పొద్దున్న ఆ ఇంట్లో చప్పుళ్ళకి ఒక వరస ఉంది. ఐదున్నరకి నాన్న తొలి బస్సు తీయడానికి వెళ్తూ తలుపు లాగిన చప్పుడు. ఆరింటికి పై అంతస్తువాళ్ళు బకెట్టు ఈడ్చిన చప్పుడు. ఆరున్నరకి వంటింట్లో టీ గిన్నె మూత. ఆ వరసకి అలవాటు పడ్డ కూతురు ఏడింటిదాకా కళ్ళు తెరవదు. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని నాన్న ఆమెను పిచ్చుక అన్నాడు. ఇరవయ్యారేళ్ళొచ్చి, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో నాలుగేళ్ళు గడిచినా ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది.

ఆ రోజు వరసలో లేని చప్పుడొకటి వినిపించింది. ఎవరో బ్రష్‌తో దేన్నో బరబరా తోముతున్నారు. అమ్మ ఏ కుళాయినో పట్టుకుని ఉంటుందిలే, తోమడానికి ఆవిడకి వేళాపాళా ఉందా అనుకుని పిచ్చుక అటు తిరిగి పడుకుంది. దుకాణానికి సెలవు పెట్టిన రోజు. బొమ్మలకి రంగులు వేసే పని అంతా రాత్రికే పూర్తయింది. సాయంత్రం నాలుగింటికి మ్యూజియానికి వెళ్ళి పెట్టె అప్పగించి రావడమే మిగిలింది.

అప్పుడు ముక్కుకి రంగు కరిగించే థిన్నర్ వాసన తగిలింది.

ఆమె మంచం మీంచి లేచిందో, దూకిందో ఆమెకే తెలియదు. గోడవార బల్ల మీద రాత్రి ఆరబెట్టిన బొమ్మల్లో ఒక్కటీ లేదు. పరుగున బాల్కనీలోకి వెళ్ళేసరికి అమ్మ పీట మీద కూర్చుని ఉంది. చేతులకి రబ్బరు తొడుగులు, నుదుటి మీదికి నెట్టిన భూతద్దం, ఎదురుగా వెడల్పాటి డబ్బాలో రంగులన్నీ కలిసిపోయి బురదలా ఉన్న థిన్నర్. ఒక చేతిలో పాత టూత్‌బ్రష్, రెండో చేతిలో బొటనవేలంత మనిషి. మనిషి అంటే మొండెం. తల బ్రష్‌కే ఉండిపోయింది.

అమ్మ మొహం పాలిపోయి ఉంది. అయినా ముందు దాడి చేసింది ఆవిడే.

"ఏం బొమ్మలే ఇవి? రంగు వదలమంటే ఒళ్ళే వదిలేస్తున్నాయి!"

పిచ్చుక డబ్బాలో చెయ్యి పెట్టేసింది. కొవ్వొత్తి కారి ముద్దయినట్టు ఒకరికొకరు అంటుకుపోయిన మనుషులు చేతికొచ్చారు.

"చెయ్యి పెట్టకే, చర్మం మండుతుంది!"

"మండనీ!" అని అరిచింది పిచ్చుక. పై అంతస్తులో బకెట్టు చప్పుడు ఆగిపోయింది.

ఆ ఊరి మ్యూజియంలో నూరేళ్ళ కిందటి ఓడరేవుని ఒక పెద్ద గది నిండా చిన్నది చేసి కడుతున్నారు. ఓడలు, గిడ్డంగులు, వాటి మధ్య తిరిగే నాలుగు వందల మంది మనుషులు. ఆ మనుషులకి రంగులు వేసే ఉద్యోగం ఒకే ఒక్కటి ఉంది, రెండేళ్ళ పని. పోటీకి వచ్చినవాళ్ళకి తలా పన్నెండు బొమ్మలు ఇచ్చి, నెల గడువు పెట్టారు. పోగొట్టినా పాడుచేసినా మారు బొమ్మలు ఇవ్వమని ముందే చెప్పారు. ఈ నెల రోజులూ పిచ్చుక దుకాణం నుంచి రాగానే గది తలుపు మూసుకుని కూర్చుంది. అద్దాలు అరగదీసే యంత్రం ముందు జీవితమంతా అరిగిపోకుండా ఉండాలంటే ఆమెకి కనిపించిన దారి అదొక్కటే.

"ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?"

"పొద్దున్న లైటు కింద పెట్టి చూశాను. బస్తా మోసేవాడి కళ్ళు రెండూ ఒకలా లేవు. తాడు లాగేవాడి మెడ దగ్గర రంగు ముద్ద కట్టింది. గుమాస్తా చొక్కా గుండీలు వంకరగా ఉన్నాయి. అలాంటివి పట్టుకెళ్ళి ఇస్తే నవ్వరూ? కడిగేసి మళ్ళీ మొదలుపెడదామనుకున్నా. నాలుగింటిదాకా టైముంది. ఇద్దరం కూర్చుంటే మూడింటికల్లా..."

"ఇద్దరమా? ఉద్యోగం ఎవరికమ్మా, నీకా నాకా?"

"నీకే. అందుకేగా నా తాపత్రయం!"

"బస్తావాడికి ఎండ ఒక పక్క నుంచి కొడుతోంది. అందుకే ఒక కన్ను సగం మూశాడు. కావాలని వేశాను. ఆ ఒక్క కంటికి నాలుగు రోజులు పట్టింది నాకు."

ఓడిపోతున్నకొద్దీ గొంతు పెంచడం అమ్మకి పుట్టుకతో వచ్చిన విద్య.

"ప్లాస్టిక్ అని నాకెందుకు చెప్పలేదు? చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉన్నాయి. సీసం అనుకున్నా. సీసానికి ఈ థిన్నర్ ఏమీ చెయ్యదు. ముప్పై ఏళ్ళ నుంచి వాడుతున్నా."

"కింద ఇనప వాషర్లు అతికించాను. పడిపోకుండా నిలబడాలని."

"ఆ ముక్క ముందు చెప్పొద్దూ?"

"చెప్తే పన్నెండు బొమ్మలకీ పన్నెండు వంకలు పెడతావని చెప్పలేదు! తలుపు మూసుకుని వేసుకున్నది కూడా అందుకే! అయినా వదిలావా? నేను నిద్రపోతున్నప్పుడు దొంగలా వచ్చి తీసుకెళ్ళావు."

"సొంత ఇంట్లో నేను దొంగనా?"

"దొంగైతే నయం. అమ్ముకోవడానికి తీసుకెళ్తాడు. పాడుచెయ్యడానికి తీసుకెళ్ళడు."

అమ్మ కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి కిందటేడే మానేసింది. పింగాణీ పన్ను మీద మిగతా పళ్ళ ఛాయ ఇంత, మెరుపు ఇంత అని వెంట్రుకంత బ్రష్‌తో రంగు దిద్దేది. పిచ్చుకకి బ్రష్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే, కాదనడానికి లేదు. కానీ దానితోపాటు ఇంకొకటి కూడా నేర్పింది. బడిలో గీసిన పటంలో నది ఒక గీత పక్కకి జరిగితే కాగితం చింపించేది. ఇస్త్రీ చేసిన చొక్కాలో ఒక ముడత కనిపిస్తే నీళ్ళు చల్లి మొత్తం మళ్ళీ చేయించేది. 'చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టు' అన్నది ఆ ఇంట్లో గోడ మీద రాయని చట్టం. నాన్న ఆ చట్టానికి భయపడి పెళ్ళయిన ఏడాదికే ఇంటి పనులన్నీ మానేశాడు. ఎలాగూ రెండోసారి ఆవిడే చేస్తుంది కదా, మొదటిసారి తనెందుకు చెయ్యడం అని ఆయన వాదన.

పిచ్చుక ఒక్కో ముద్దనీ బయటికి తీసి పాత పేపరు మీద పరిచింది. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"పదకొండే ఉన్నాయి. పన్నెండోది ఏది?"

"నేను తీసినప్పుడే పదకొండు. నువ్వే ఎక్కడో పారేసుకుని ఉంటావు. చూసుకోవడం చేతకాదు గానీ నోరు మాత్రం..."

పుండు మీద కారం చల్లడమంటే అదే. పిచ్చుక లేచి లోపలికి నడిచింది. వంటింటి పక్కన అమ్మ పాత ల్యాబు బల్ల ఉంది. దాని అడుగు సొరుగు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. పిచ్చుక ఆ సొరుగుని పట్టుకుని ఒక్క లాగు లాగింది. సొరుగు సొరుగంతా ఊడొచ్చింది. తెచ్చి బాల్కనీలో అమ్మ కాళ్ళ ముందు బోర్లించింది.

గలగలమంటూ సీసం బొమ్మలు దొర్లాయి. డప్పు కొట్టేవాళ్ళు, గుర్రం మీద కూర్చున్నవాళ్ళు, గొడుగు పట్టుకున్న ఆడవాళ్ళు. నలభై దాకా ఉంటాయి. అమ్మ పెళ్ళి కాకముందు నుంచి సరదాగా కొనుక్కున్నవి. వాటిలో ఒక్కదానికీ రంగు లేదు. అన్నీ బూడిదరంగులో ఉన్నాయి.

"చూడు. నీ భూతద్దం పెట్టుకుని మరీ చూడు. ఒక్కదానికైనా మొహం ఉందా?"

"సర్దు అవన్నీ."

"నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నా. వేస్తావు, నచ్చదు, థిన్నర్లో వేస్తావు, తోముతావు. మళ్ళీ వేస్తావు. మళ్ళీ తోముతావు. ఇదిగో, ఈ డప్పువాడికి ముక్కు లేదు. ఈవిడకి కళ్ళు లేవు, గుంటలు కూడా లేవు. నున్నగా అయిపోయాయి. తోమి తోమి మనుషులకి మొహాలు లేకుండా చేశావమ్మా! ముప్పై ఏళ్ళలో పూర్తయిన బొమ్మ ఒక్కటి, ఒకే ఒక్కటి చూపించు నాకు!"

అమ్మ ఒక బొమ్మని చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో దాని మొహం ఉండాల్సిన చోట తడిమింది.

"మర్యాదగా మాట్లాడు," అంది. కానీ ఆ గొంతులో పస లేదు.

"మాట్లాడను. నీ బొమ్మల్ని నువ్వేం చేసుకున్నా నేనెప్పుడైనా అడిగానా? నావి పూర్తయ్యాయి. నా చేత్తో నేను 'అయిపోయింది' అనుకుని పడుకున్నా. ఈ ఇంట్లో ఆ మాట అనుకుని నిద్రపోవడం ఎంత కష్టమో నీకు తెలుసా? అది కూడా చూడలేకపోయావు."

పిచ్చుక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వేసిన ఊపుకి గోడ మీది గడియారం పక్కకి ఒరిగింది. అమ్మ దాన్ని సరిచెయ్యలేదు.

పది దాటాక నాన్న వచ్చాడు. డ్యూటీ చొక్కా జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీసి, ఈల వేసుకుంటూ హాల్లోకి అడుగుపెట్టాడు. ఇంట్లో వాతావరణం చూసి ఈల ఆపాడు.

"ఏమే, ఎవరైనా పోయారా?"

"పదకొండు మంది," అంది పిచ్చుక గదిలోంచి.

సంగతంతా తెలిశాక ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి బిక్కుబిక్కుమంటూ కళ్ళజోడు పెట్టె తెరిచాడు. లోపల దూది పరుపు మీద పన్నెండో బొమ్మ పడుకుని ఉంది. గంపల పక్కన నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ ఆవిడ.

"కోప్పడకండి. డిపోలో మావాళ్ళకి చూపించి తెచ్చేద్దామని... అచ్చం మీ అమ్మలాగే ఉందే పిచ్చుకా! మా కంట్రోలర్ చూడగానే గుర్తుపట్టేశాడు. 'ఇంటికి లేటయితే మీ ఆవిడ ఇలాగే నిలబడుతుందిగా' అన్నాడు."

మామూలు రోజైతే చెప్పకుండా తీసుకెళ్ళినందుకు ఇద్దరూ కలిసి ఆయన్ని చీల్చి చెండాడేవాళ్ళు. ఆ రోజు ఎవరికీ ఓపిక లేదు. పిచ్చుక గదిలోంచి వచ్చి ఆ బొమ్మని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్ని గంటలూ రాని ఏడుపు అప్పుడు ముంచుకొచ్చింది. ఆపుకుంది. అమ్మ ముందు ఏడవదలచుకోలేదు.

"ఇటివ్వు, చూస్తాను," అంది అమ్మ.

"వద్దు."

"చూసి ఇచ్చేస్తానే."

నాన్న బతిమాలుతున్నట్టు కూతురి వైపు చూశాడు. పిచ్చుక బొమ్మని బల్ల మీద పెట్టి, పక్కనే కాపలాగా నిలబడింది. అమ్మ భూతద్దం కంటి మీదికి దించుకుంది.

నడుం మీద చేతులు. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు. సగం తెరిచిన నోరు, ఏదో అంటున్నట్టు. మెడ నరం కూడా కనిపిస్తోంది. చెవి పక్క నెరిసిన జుట్టు పాయ ఒకటి జారి ఉంది, పొద్దున్నే పనిలో పడి ముడుచుకోవడం మరిచిపోయిన పాయ. అమ్మ చాలాసేపు చూసింది. తర్వాత ఆవిడ కుడిచెయ్యి దానంతటదే పక్కనున్న బ్రష్ మీదికి పోయింది.

పిచ్చుక ఆ మణికట్టు పట్టుకుంది. గట్టిగా, నొప్పి పుట్టేలా.

"పై పెదవి మీద కొంచెం ఎరుపు బయటికి..." అంది అమ్మ.

"ఉండనీ."

"చిటికెలో తుడిచేస్తాను."

"అమ్మా, ఇది కూడా ముట్టుకున్నావంటే ఈ రోజే ఈ ఇంట్లోంచి వెళ్ళిపోతాను. ఒట్టి మాట కాదు."

నాన్న లేచి నిలబడ్డాడు. అమ్మ చేతిలోంచి బ్రష్ జారి కింద పడింది. పడిన బ్రష్‌నే చూస్తూ ఆవిడ మెల్లగా, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది.

"ల్యాబులో పన్ను చేసి పంపిస్తాం. కుదిరితే అది ఎవరి నోట్లోకి వెళ్ళిందో, వాళ్ళు దాంతో నవ్వారో లేదో మనకి తెలియదు. కుదరకపోతేనే తిరిగొస్తుంది. చీటీ కట్టి, ఎర్ర ఇంకుతో తప్పేమిటో రాసి పంపిస్తారు. ముప్పై ఏళ్ళు నా బల్ల మీదికి తిరిగొచ్చినవన్నీ తప్పులే. బాగున్నది ఒక్కటి కూడా నా దగ్గరికి వెనక్కి రాలేదే. చూసి చూసి నా కన్నుకి ఇంకేదీ ఆనకుండా పోయింది."

పిచ్చుక మణికట్టు వదిలేసింది. జాలి వేయలేదని కాదు. వేసింది. కానీ కోపం దానికంటే పెద్దదిగా ఉంది.

"నీకలా జరిగిందని నాకూ అలాగే చెయ్యాలా?" అని అడిగింది.

అమ్మ వంగి, కింద పడ్డ బ్రష్ తీసి బల్ల మీద పెట్టింది.

మూడింటికి పిచ్చుక బయల్దేరింది. పన్నెండు గళ్ళున్న పెట్టెలో ఒక్క గడిలో బొమ్మ, మిగతా గళ్ళు ఖాళీ. తనూ వస్తానని, తప్పు తనదేనని వాళ్ళకి చెప్తానని అమ్మ చెప్పులు వేసుకుంది. "అక్కర్లేదు. అక్కడికొచ్చి నా మాటలు కూడా సరిదిద్దుతావు," అని పిచ్చుక మెట్లు దిగిపోయింది. అయినా బస్సెక్కి వెనక్కి తిరిగి చూస్తే, ఆఖరి సీట్లో అమ్మ ఉంది. ఇద్దరూ ఒకే బస్సులో చెరో ఊరివాళ్ళలా ప్రయాణం చేశారు.

మ్యూజియం వెనక వర్క్‌షాపులో పొడుగాటి బల్ల మీద పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నిట్లోనూ పన్నెండేసి మంది, నీటుగా, నిటారుగా. నమూనా పనులు చూసే పెద్దమేస్త్రీ పిచ్చుక పెట్టె తెరిచి ఖాళీ గళ్ళు చూశాడు.

"మిగతావాళ్ళేరమ్మా?"

ఏం చెప్పాలో బస్సులో వందసార్లు అనుకుంది పిచ్చుక. ఇంట్లో ప్రమాదం జరిగిందని, ఒంట్లో బాగోలేదని. నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"నేను పాడుచేశానండి. ఆ పిల్ల నెల రోజులు కష్టపడి వేస్తే, తనని అడక్కుండా థిన్నర్లో వేశాను. ఆ పిల్ల తప్పు ఆవగింజంత కూడా లేదు."

పెద్దమేస్త్రీ ఆవిడ వైపు ఓసారి, పెట్టె వైపు ఓసారి చూశాడు. బొమ్మని తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. ఆయన మొహంలో మెల్లగా నవ్వు మొదలైంది.

"ఈవిడ ఎవర్ని తిడుతోంది?"

"నన్ను," అంది పిచ్చుక.

ఆయన ఇంకోసారి గుమ్మం వైపు చూశాడు. ఇక నవ్వు ఆపుకోలేదు.

"ఒక్క బొమ్మని చూసి ఉద్యోగం ఇవ్వలేనమ్మా. మిగతావాళ్ళు ఊరుకోరు, నాకూ పైన అధికారులున్నారు. మంచి బొమ్మలన్నీ పంచేశాను. అచ్చులోంచి తీసి అతుకులు కూడా గీకనివి ఒక ఆరున్నాయి. వాటికి రంగులేసి సోమవారం పొద్దున తొమ్మిదింటికి తెచ్చివ్వు. ఆ ఆరుగురూ ఈవిడంత ప్రాణంతో ఉంటే అప్పుడు మాట్లాడదాం." గంపల ఆవిడని మాత్రం తిరిగి ఇవ్వలేదు. గది మధ్యలోకి వెళ్ళి, కట్టీ కట్టని ఓడరేవులో గిడ్డంగి ముందు నిలబెట్టాడు.

బయట మ్యూజియం మెట్ల మీద అమ్మ నాలుగడుగులు వెనకగా నడుస్తోంది. సగం మెట్లు దిగాక ఆగింది.

"ఆ నోట్లో పళ్ళు వేశావు చూడు," అంది. "తెల్లగా వెయ్యలేదు. ఆ వయసుకి తగ్గ పసుపు ఛాయ, చివర కొంచెం పల్చగా. ముప్పై ఏళ్ళు చేశాను. నాకెప్పుడూ అంత చక్కగా కుదరలేదే."

పిచ్చుక గిర్రున తిరిగింది.

"ఇప్పుడా చెప్పడం? ఇలా ఒక్క మాట, ఒకే ఒక్క మాట పొద్దున చెప్పి ఉంటే పదకొండు మంది బతికేవాళ్ళు కదమ్మా!"

దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. చూస్తే చూడనీ అన్నట్టు పిచ్చుక మెట్టు మీద కూలబడి భోరుమంది. రోడ్డు మీద ఏమిటా ఏడుపు, లే అంటుందనుకుంది. అమ్మ అనలేదు. చీర దుమ్మవుతుందని కూడా చూసుకోకుండా వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ కళ్ళు కూడా నిండి ఉన్నాయి. పొద్దున బ్రష్ పట్టిన చేతిని కూతురి వీపు మీద వెయ్యాలో వద్దో తెలియక కాసేపు గాలిలోనే ఉంచి, చివరికి వేసింది. పిచ్చుక తోసెయ్యలేదు.

"నేను వాళ్ళని సరిగ్గా చూడనే లేదు," అంది అమ్మ. "తప్పులు చూశాను గానీ మనుషుల్ని చూడలేదు. ఒక్కొక్కరి గురించీ చెప్పు. ఎవరికి ఏం వేశావో, ఎందుకు వేశావో. నడుమ ఏమీ అనను."

"అంటావు."

"అంటే లేచి వెళ్ళిపో."

పిచ్చుక ముక్కు తుడుచుకుంది. కోపం ఇంకా అలాగే ఉంది, దాన్ని దాచుకోలేదు కూడా. ఆ కోపంతోనే, బస్తా మోసేవాడి మీద ఎండ ఎటు నుంచి పడుతోందో చెప్పడం మొదలుపెట్టింది.